రంగు కాగితాలు, కత్తిరింపు ముక్కలు: ఇంట్లో నిల్వ చేసే తీరు

చేతిపనుల కోసం ఇంట్లో దాచిన కాగితాన్ని గాలిలోని చెమ్మ, వెలుతురు, కాగితంలోనే ఉన్న ఆమ్లం, పురుగు పాడుచేస్తాయి. వీటికి తోడు ఎవరూ లెక్కలోకి తీసుకోని నష్టం ఇంకొకటి ఉంది. కావలసిన ముక్క ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది, అవసరానికి మాత్రం చేతికందదు. దాంతో కొత్త చార్టు కొంటారు, పాత ముక్క అడుగున పడి నలిగిపోతుంది. కాగితం నిల్వ అంటే ఈ రెండు రకాల నష్టాలనూ ఆపడం. మొదటిదానికి కాగితం స్వభావం తెలియాలి, రెండోదానికి సర్దే పద్ధతి తెలియాలి.

మేడ్చల్, శామీర్‌పేట, కొంపల్లి, గుండ్లపోచంపల్లి ప్రాంతాల ఇళ్లలో కాగితం ఏడాది పొడవునా ఒకే తీరుగా చేరదు. జూన్‌లో బడులు తెరవగానే పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం వస్తుంది. ఆగస్టు 15కి మూడు రంగుల కాగితాలు, వినాయక చవితికి మండపం అలంకరణకు గ్లేజ్ పేపర్లు, క్రేప్ పేపర్లు, బతుకమ్మ నాటికి పూలతో పాటు కాగితపు పూలు, మధ్యలో పిల్లల ప్రాజెక్టులకు చార్టులు. సంక్రాంతికి పతంగుల కాగితం, ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి మరికొన్ని చార్టులు. పెళ్లిళ్ల సీజన్లలో వచ్చిపడే శుభలేఖలు వేరే. ఈ వరుసను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది: కాగితం కొనడం, కత్తిరించడం, ముక్కలు మిగలడం చాలావరకు జూన్ నుంచి అక్టోబరు మధ్యనే జరుగుతాయి. హైదరాబాద్ పరిసరాల్లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే అందులో పెద్ద వాటా ఈ నెలల్లోనే పడుతుంది. అంటే కాగితం ఇంట్లోకి చేరే కాలమూ, కాగితం అతి సులువుగా చెడిపోయే కాలమూ ఒక్కటే. ఇక్కడి ఇళ్లలో నిల్వ పద్ధతి ఏదైనా ఈ సంగతి నుంచే మొదలవ్వాలి.

కాగితంలో నీరు

కాగితం సెల్యులోజు పీచుల అల్లిక. చెట్టు నుంచో వెదురు నుంచో తీసిన పీచు పొడవు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. వేల పీచులను నీళ్లలో కలిపి జల్లెడ మీద పరచి, నీరు పోగానే నొక్కి ఆరబెడితే కాగితం తయారవుతుంది. పీచుకూ పీచుకూ మధ్య ఉండే పట్టుకు కారణం హైడ్రోజన్ బంధాలు. సెల్యులోజు ఆ బంధాలను సాటి పీచుతో ఎంత ఇష్టంగా వేసుకుంటుందో నీటి అణువుతోనూ అంతే ఇష్టంగా వేసుకుంటుంది. అందుకే కాగితం చుట్టూ ఉన్న గాలి నుంచి ఎప్పుడూ నీటిని తీసుకుంటూ వదులుతూ ఉంటుంది.

గాలి పట్టుకోగలిగిన గరిష్ఠ తేమలో ఎన్నో వంతు ఇప్పుడు ఉందో చెప్పే కొలతే సాపేక్ష ఆర్ద్రత. కాగితం పరీక్షలన్నీ 23 డిగ్రీల వేడిలో, 50 శాతం సాపేక్ష ఆర్ద్రతలో చేయాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఇక్కడి వాతావరణం ఆ 50 దగ్గర నిలిచేది తక్కువ. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో 30 శాతానికి అటూ ఇటూ తిరిగే ఆర్ద్రత, ముసురు పట్టిన ఆగస్టు ఉదయం 80 దాటుతుంది. మామూలు రాత కాగితం మొదటి స్థితిలో తన బరువులో సుమారు 5 శాతం నీటితో ఉంటుంది. రెండో స్థితిలో అది 10, 11 శాతానికి చేరుతుంది.

ఈ తేడా ఎంతో ఒక రీము మీద చూడవచ్చు. చదరపు మీటరుకు 80 గ్రాముల ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది. 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. వేసవి నుంచి వానాకాలానికి వచ్చేసరికి, విప్పి పెట్టిన ఆ రీము గాలి నుంచి తాగే నీరు 120 గ్రాములకు పైనే ఉంటుంది. ఆ కాగితాన్ని ఎవరూ తడపలేదు, కిటికీలోంచి జల్లు కూడా పడలేదు. అరలో ఉన్న చోటనే అంత నీరు చేరింది.

నీరు చేరిన పీచు ఉబ్బుతుంది. దొంతరగా పేర్చిన కాగితాల్లో ముందుగా తేమ అందేది అంచులకు. మధ్యభాగానికి గాలి చేరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అంచు సాగుతుంది, మధ్య సాగదు. దాంతో జూలైలో దొంతర అంచులు అలలు తేలతాయి. ఏప్రిల్‌లో ఇదే తిరగబడుతుంది. అంచులు ముందుగా ఎండి కుంచించుకుంటాయి, మధ్యభాగం గిన్నెలా పొంగుతుంది. అలలు తేలిన కాగితాన్ని బరువు కింద పెట్టి చదును చేయాలని చాలామంది చూస్తారు. తేమ లోపల అలాగే ఉండగా బరువు పెడితే ముడతలే శాశ్వతం అవుతాయి. పొడి రోజు చూసి కాగితాలను విడివిడిగా పరచి ఒక పూట ఆరనిచ్చాక బరువు కింద పెడితే ఫలితం ఉంటుంది.

మూత డబ్బాలో పెట్టే కాగితం విషయంలో చిన్న లెక్క ఒకటి చాలా పనికొస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 50 లీటర్ల డబ్బాలోని గాలి మొత్తం పట్టుకోగలిగింది ఒకటిన్నర గ్రాము. అదే డబ్బాలో 5 కిలోల కాగితం ఉంటే, ఓ మాదిరి పొడిగా ఉన్నా దానిలోని నీరు 300 గ్రాములు. కాబట్టి బిగువుగా మూసిన డబ్బాలో గాలి ఎలా ఉండాలో నిర్ణయించేది కాగితమే. పొడి కాగితాన్ని మూసిపెడితే లోపలి గాలి పొడిగానే నిలుస్తుంది. చెమ్మ కాగితాన్ని మూసిపెడితే చెమ్మను తాళం వేసి దాచినట్టే.

దీన్నిబట్టి సర్దే వేళ కూడా తేలిపోతుంది. బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ చివర నుంచి, తొలకరికి ముందు మే ఆఖరు దాకా కాగితాన్ని ఏరి, ఆరబెట్టి, మూసిపెట్టాల్సిన రోజులు. మధ్యలో గాలివాన పడితే రెండు పొడి రోజులు ఆగాలి. వానాకాలంలో డబ్బా తెరవకూడదని కాదు. మూత తీసి కావలసింది తీసుకుని మూసేస్తే లోపలికి చేరే తేమ గ్రాముకు మించదు, అన్ని కిలోల కాగితానికి అది లెక్కలోకి రాదు. రాత్రంతా మూత తెరిచి వదిలేస్తే మాత్రం వేసవిలో పడిన శ్రమ వృథా. పండగల సీజన్లో రోజూ వాడే కాగితాన్ని విడిగా ఒక ఫైలులో పెట్టుకుని, మిగతా నిల్వను వారానికోసారి తెరవడం మంచి పద్ధతి. పొడి డబ్బాలోంచి తీసిన మందం కాగితం వెంటనే మడిస్తే పగులుతుంది. గంటసేపు గదిలో ఉంచితే పీచు మెత్తబడుతుంది.

మందుల సీసాల్లో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను కాగితం డబ్బాలో వేసే అలవాటు ఉంది. సిలికా జెల్ తన బరువులో మూడో వంతుకు అటూ ఇటూ నీటిని పీలుస్తుంది. రెండు గ్రాముల పొట్లం పీల్చేది గ్రాము కూడా ఉండదు. 5 కిలోల కాగితం చెమ్మగిల్లితే చేరే నీరు 250 గ్రాములు. నాలుగు పొట్లాలు వేసి నిశ్చింతగా ఉండటం తగదు. స్టిక్కర్లు, చిన్న చిన్న మెరుపు ముక్కలు పెట్టుకునే గుండు డబ్బాకైతే అవి చాలు.

పీచు వాలు

యంత్రం మీద తయారైన కాగితంలో పీచులు ఎక్కువగా జల్లెడ పరిగెత్తిన దిక్కుకే వాలి ఉంటాయి. ప్రెస్సుల వాళ్లు దీన్ని గ్రెయిన్ అంటారు. పీచు ఉబ్బేది అడ్డంగా, పొడవునా సాగేది అతి తక్కువ. అందుకే చెమ్మకు చార్టు ఒక దిక్కున దాదాపు మారదు, రెండో దిక్కున రెండు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. రెండు చార్టులను వాలు చూడకుండా ఒకదాని మీద ఒకటి అతికిస్తే అట్ట వంకర పోవడానికి కారణం ఇదే.

వాలు కనుక్కోవడం తేలిక. దినపత్రికను పైనుంచి కిందికి చింపితే గీత గీసినట్టు చినుగుతుంది, అడ్డంగా చింపితే పళ్లు పళ్లుగా వస్తుంది. తిన్నగా చినిగిన దిక్కే వాలు. చింపడం ఇష్టం లేకపోతే కాగితాన్ని మడత పడనీయకుండా రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే సరి. ఏ దిక్కున తక్కువ బలానికే వంగిందో ఆ వంపు గీత వాలు వెంట ఉన్నట్టు. శుభాకాంక్షల కార్డు మడత వాలు వెంట వస్తే నున్నగా ఉంటుంది. అడ్డంగా వస్తే మడత మీద రంగు పొర పగిలి తెల్లగా బయటపడుతుంది. పెద్ద కాగితం ముక్కలయ్యాక వాలు కనుక్కోవడం కష్టం కాబట్టి, దాచే ప్రతి ముక్క వెనుకా పెన్సిలుతో వాలు వెంట ఒక చిన్న గీత గీసి పెట్టాలి. ఈ అలవాటు ఉన్నవారి పెట్టెలోని ముక్కలకు విలువ ఎక్కువ.

చార్టులను చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి బీరువా పక్కన నిలబెట్టడం దాదాపు ప్రతి ఇంట్లో కనిపించేదే. వేసవిలో చుట్టి వారంలో విప్పితే కాగితం మళ్లీ చదునవుతుంది. వానాకాలం అంతా అలాగే ఉంటే అవ్వదు. పీచుల మధ్య ఉండే హెమిసెల్యులోజు, లిగ్నిన్ చెమ్మకూ వేడికీ మెత్తబడతాయి. చుట్టలో వంగి ఉన్న పీచులు ఆ మెత్తదనంలో కొద్దికొద్దిగా జారి, ఎండగానే ఆ వంపులోనే గట్టిపడతాయి. దాన్ని చదును చేయడానికి ఎదురు చుట్టితే పీచులు విరుగుతాయి. రబ్బరు బ్యాండు వేడికి జిగటై కాగితానికి అంటుకుని గోధుమ రంగు చార వదులుతుంది.

దుకాణాల్లో దొరికే చార్టు సుమారు 22 అంగుళాలకు 28 అంగుళాలు, అంటే 56 సెంటీమీటర్లకు 71. చదరపు మీటరుకు 150 గ్రాముల రకమైతే ఒక్కోటి 60 గ్రాములు ఉంటుంది, మందం మిల్లీమీటరులో అయిదో వంతు. యాభై చార్టులను పరిచి పేరిస్తే దొంతర సెంటీమీటరు ఎత్తు. వాటినే చుట్టలుగా నిలబెడితే బీరువా మూల మొత్తం నిండుతుంది. చదునుగా పెట్టడానికి చోటు లేదనేది చాలా ఇళ్లలో చెప్పే మాట. చోటు నిజంగా తినేది చుట్టలే. టీవీ, ఫ్రిజ్ వంటివి వచ్చిన పెట్టెల నుంచి రెండు పెద్ద అట్టలు కోసి, ఒక పక్క గుడ్డ టేపుతో కలిపితే చార్టుల ఫైలు సిద్ధమవుతుంది. మంచం కింద నేలకు ఆనకుండా రెండు కర్రల మీద అది సరిపోతుంది. తప్పనిసరిగా చుట్టాల్సి వస్తే బట్టల దుకాణాల్లో తాను లోపల ఉండే లావు అట్ట గొట్టం అడిగి తెచ్చుకుని, దాని చుట్టూ వదులుగా చుట్టి నూలు నాడాతో కట్టాలి.

ఏ కాగితం ఏ కాగితంతో

సర్దడం మొదలుపెట్టగానే చేయి రంగుల వైపు పోతుంది: ఎరుపులన్నీ ఒకచోట, పచ్చలన్నీ ఒకచోట. చూడటానికి బాగుంటుంది గానీ కాగితానికి అది చేటు. పతంగి కాగితం చదరపు మీటరుకు 20, 30 గ్రాములు మించదు. శుభలేఖ అట్ట 250, 300 గ్రాములు ఉంటుంది. ఒకే రంగు కదా అని రెండింటినీ కలిపితే పల్చటిది నలిగిపోతుంది. ముందు రకం చూడాలి, తర్వాత మందం, ఆఖరున రంగు.

క్రేప్ పేపరును ఎప్పుడూ విడిగానే ఉంచాలి. దాని రంగు నీటికి నిలవదు. చెమ్మ చేయి తగిలినా పక్క కాగితానికి అంటుకుంటుంది. బరువు కింద పెడితే ముడతలు చదునై సాగే గుణం పోతుంది. కొన్నప్పటి మడతలోనే, ఏ బరువూ పడకుండా నిలువుగా పెట్టాలి. గ్లేజ్ పేపర్లకు ఒక వైపు మెరుపు పూత ఉంటుంది. చెమ్మలో పూతకు పూత ఎదురుగా ఉంటే అతుక్కుంటాయి కనుక అన్నింటినీ ఒకే ముఖంగా పేర్చాలి. బంగారు, వెండి మెరుపు కాగితాల్లో చాలావాటి పై పొర ప్లాస్టిక్ మీద అద్దిన అల్యూమినియం. గ్లిటర్ షీట్లలో ఎక్కువభాగం కాగితమే కాదు, ఫోమ్. వీటికి చెమ్మ భయం లేదు, నిల్వలో మంచి చోటు వీటికి ఇవ్వనక్కర్లేదు.

దినపత్రికను మంచి కాగితాల మధ్య పెట్టకూడదు. పత్రిక కాగితంలో కలపను యంత్రంతో నూరి చేసిన గుజ్జు ఉంటుంది, లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. వెలుతురు తగిలితే లిగ్నిన్ పసుపుబారుతుంది, కాలక్రమంలో ఆమ్లాలు వదులుతుంది. ఆ ఆమ్లం పక్క కాగితానికీ పాకుతుంది. పత్రికలో చుట్టి దాచిన తెల్ల డ్రాయింగ్ షీటు మీద కొన్నేళ్లకు కనిపించే గోధుమ రంగు పట్టీలు దాని గుర్తులే. ఆమ్లానికి మరో మూలం పాత తయారీ పద్ధతి. సిరా పాకకుండా పటిక, గుగ్గిలం కలిపే విధానాన్ని 1807లో జర్మనీకి చెందిన మోరిట్జ్ ఫ్రీడ్రిష్ ఇల్లిగ్ ప్రకటించాడు. పటిక వల్ల కాగితంలో ఆమ్లం చేరి సెల్యులోజు గొలుసులు తెగుతాయి. పంతొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల పుస్తకాలు అనేకం చేతిలో పొడి కావడానికి ఇదే మూలం. ఇప్పటి ఏ4 కాగితాల్లో సుద్ద కలుపుతున్నారు కాబట్టి వాటికి ఆ బెడద తక్కువ. మంచి చార్టుల మధ్య అడ్డుగా పెట్టడానికి పత్రికకు బదులు తెల్ల ఏ4 కాగితమే తగినది.

ముక్కల కొలత

మిగిలిన ముక్కలను ఒకే సంచిలో కుక్కితే అవి మళ్లీ బయటికి రావు. వెతకడానికి పట్టే సమయం ముక్క ధరను మించినప్పుడు ఎవరైనా కొత్తదే కొంటారు. ముక్కలను రంగు మీద కాక సైజు మీద విడదీస్తే వెతుకులాట తగ్గుతుంది. సైజుకు ఆధారంగా ఏ4 కుటుంబాన్నే తీసుకోవచ్చు. పొడవుకూ వెడల్పుకూ 1.414 నిష్పత్తి ఉన్న కాగితాన్ని సగానికి మడిస్తే సగమూ అదే నిష్పత్తిలో ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త లిక్టెన్‌బర్గ్ 1786లో ఒక లేఖలో ఈ గుణాన్ని ప్రస్తావించాడు. వాల్టర్ పోర్స్ట్‌మన్ దాని మీద రూపొందించిన కొలతలు 1922లో జర్మనీలో ప్రమాణమయ్యాయి, 1975లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడ్డాయి.

ఏ4లో సగం ఏ5, సుమారు 15 సెంటీమీటర్లకు 21. దానిలో సగం ఏ6, 10.5కు 15. దానిలోనూ సగం ఏ7, 7.5కు 10.5. మూడు జిప్ కవర్లో, మూడు పాత ఫైళ్లో ఉంటే చాలు. ముక్క ఏ వంకరలో ఉన్నా అందులోంచి పూర్తిగా రాగల పెద్ద దీర్ఘచతురస్రం ఏదో చూసి ఆ కవరులో వేయాలి. పొడవాటి పట్టీలు బార్డర్లకు పనికొస్తాయి గనుక వాటిని విడిగా ఒక క్లిప్పుకు తగిలించాలి. ఏ7 కూడా రాని ముక్కను, అది చేతితో చేసిన కాగితమో అరుదైన మెరుపు కాగితమో అయితే తప్ప, దాచకూడదు. ఈ కింది హద్దు లేని పద్ధతి ఏదీ ఒక ఏడాది కూడా నిలవదు.

చార్టును కోసే ముందే ఈ లెక్క వేస్తే వ్యర్థం తగ్గుతుంది. 56కు 71 చార్టులో చాలామంది ఏ4లు నాలుగే కోస్తారు, అయిదోదానికీ చోటుంది. చార్టును అడ్డంగా పరిచి పై వరసలో మూడు ఏ4లను నిలువుగా గీయాలి. కింది వరసలో రెండింటిని అడ్డంగా గీయాలి. పై వరస చివర సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పున మిగిలేదాంట్లో రెండు ఏ7లు వస్తాయి. కింది వరస చివర 11.5కు 26 మిగులుతుంది, అందులో ఒక ఏ6, ఒక ఏ7. అడుగున అయిదు సెంటీమీటర్ల వెడల్పు, 59 పొడవు గల పట్టీ బార్డరుకు సరిపోతుంది. అయిదు ఏ4లలో మూడింటి పీచు వాలు ఒక దిక్కున, రెండింటిది ఇంకో దిక్కున ఉంటుంది. వెనుక గీసే పెన్సిలు గీత విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఇంట్లో ఏ చోట

మేడ్చల్ వైపు వానలు నైరుతి గాలితో వస్తాయి కాబట్టి జల్లు ఎక్కువగా దక్షిణ, పడమటి గోడలకు కొడుతుంది. ఆ గోడలకు లోపలి వైపు నెమ్ము ఎక్కుతుంది. వాటికి ఆనించిన బీరువాలో కాగితం పెట్టకూడదు. స్నానాల గదికీ వంటింటికీ ఉమ్మడిగా ఉన్న గోడా అంతే. ఇంటి మధ్యలో ఉండే లోపలి గోడ మేలు, అదీ జానెడు ఎడం వదిలి. పై అంతస్తులో శ్లాబు కింది సజ్జ వేసవిలో కాగితానికి మంచి చోటు కాదు. పది డిగ్రీల వేడి పెరిగితే కాగితం ముసలితనం ఇంచుమించు రెండింతల వేగంతో వస్తుందని పరిరక్షకులు లెక్క వేసుకుంటారు. సజ్జ మీద అట్టపెట్టెలో నాలుగైదు వేసవులు గడిపిన గ్లేజ్ పేపరు మడత పెడితే విరుగుతుంది.

పాత ఇనుప ట్రంకు పెట్టె ఇప్పటికీ మంచి సాధనం. వెలుతురు పడదు, చెదలు కొరకలేవు, బరువు మోస్తుంది. ప్లాస్టిక్ డబ్బా కొంటే అడుగున త్రిభుజంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ రకం మేలు. 3 అంకె ఉన్న పీవీసీ కవర్లలో మెత్తదనానికి కలిపిన నూనెలు బయటికి వచ్చి ముద్రించిన కాగితాలను అంటించేస్తాయి. ఆన్‌లైన్ సరుకులతో వచ్చే అట్టపెట్టెలు నిల్వకు అందరికీ తోచేవి, అయితే వాటి పొరలను అతికించేది పిండి జిగురు. పురుగులకు అది తిండి. పొడి కాలంలో తాత్కాలికంగా వాడుకోవచ్చు, వానాకాలంలో నేల మీద పెడితే చెదలను పిలిచినట్టే.

చెదలు నేలలోంచి గోడ పగులు వెంట మట్టి గొట్టాలు కట్టుకుంటూ పైకి వస్తాయి. పెట్టె నేలకు అడుగు ఎత్తున, గోడకు ఎడంగా ఉంటే ఆ గొట్టం కనపడకుండా చేరలేదు. నెలకోసారి వెనుక చూస్తే చాలు. పుస్తకాల్లో వెండి రంగులో మెరుస్తూ పరిగెత్తే రెక్కల్లేని పురుగుకు కాగితం కన్నా దాని మీది గంజి పూత, మైదా జిగురు ఇష్టం. అందుకే అది కాగితాన్ని కొరికి తూట్లు పెట్టేకన్నా పైపొరను గీకి తినడం ఎక్కువ. దానికి చెమ్మ గాలి కావాలి. పొడిగా మూసిన డబ్బాలో అది బతకలేదు. మైదా గంజితో అంటించిన ముక్కలను మాత్రం ఎప్పుడూ నిల్వ డబ్బాలో వేయకూడదు. పుస్తకాలు బైండు చేసేవారు గంజిలో మైలుతుత్తం కలిపేది ఈ పురుగు కోసమే. అది విషం కాబట్టి పిల్లలు తాకే కాగితాలకు పనికిరాదు.

కలరా ఉండలు వేయడం పాత అలవాటు. నాఫ్తలీన్ ఆవిరి పురుగును తరుముతుంది, నిజమే. పుట్టుకతో జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మనుషుల్లో క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో కూడా నాఫ్తలీన్‌ను చేర్చారు. పిల్లలు తల వంచి చేతులు పెట్టే డబ్బాలో దానికి చోటు లేదు. పచ్చి వేపాకు చెమ్మను తెస్తుంది, ఎండినది పెడితే హాని లేదు గానీ దాన్నే నమ్ముకోకూడదు. తాళపత్రాల కట్టల్లో వస కొమ్ములు పెట్టేవారు. వాటితో పాటు ఏటా కట్టలు విప్పి దులిపి గాలికి పెట్టడం కూడా ఉండేది.

పనికిరాని ముక్క

ఏ7 కన్నా చిన్న ముక్కలకు మంచి ఉపయోగం తెలుగు పల్లెల ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కాగితం ముక్కలను రెండు మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా దంచి, బోర్లించిన కుండ మీద మెత్తితే గంపలు, బుట్టలు తయారవుతాయి. మెంతుల్లోని జిగురు గాలాక్టోమన్నన్ అనే పిండిపదార్థం. అది సెల్యులోజు పీచుకు గట్టిగా పట్టుకుంటుంది. ఎండిన గంప గోడ చెక్కలాగే గట్టిగా ఉంటుంది. గోడ మందం అరంగుళం ఉన్నా రెండు మూడు రోజుల్లో లోపలి దాకా ఎండాలి, లేకుంటే బూజు పడుతుంది. కాబట్టి ఇదీ ఏప్రిల్, మే పనే. డబ్బాలు సర్దే రోజునే నానబెడితే రెండు పనులూ ఒకేసారి పూర్తవుతాయి. గ్లిటర్, మెరుపు కాగితం, టేపు అంటిన ముక్కలు గుజ్జులో కలవవు, ముందే ఏరేయాలి.

ఇంటి అవసరం తీరిన పొడి కాగితం పాత పేపర్లు కొనేవారి ద్వారా మిల్లులకు చేరుతుంది. తెలంగాణలో కాగితం పరిశ్రమ పాతదే. 1938లో నిజాం పాలనలో నెలకొన్న సిర్పూర్ పేపర్ మిల్లుతో కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్‌గా మారింది. ఆ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకుంది. భద్రాచలం దగ్గర సారపాకలో అట్టల మిల్లు ఉంది. పీచు ప్రతిసారీ కొంత పొట్టిదవుతుంది కాబట్టి ఒకే పీచును సుమారు అయిదు నుంచి ఏడు సార్లే కాగితం చేయవచ్చు. మరీ సన్నగా తరిగిన ముక్కల పీచు ఇంకా ముందే జల్లెడలోంచి జారిపోతుంది. అందుకే పాత పేపర్ల కట్టలో పెద్ద ముక్కలు వేయాలి, చిన్నవి గుజ్జుకు ఉంచుకోవాలి.

కూరగాయల తొక్కలతో తడిసిన కాగితాన్ని ఏ మిల్లూ తీసుకోదు. అది హైదరాబాద్ చెత్తతో పాటు మేడ్చల్ జిల్లాలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు వెళుతుంది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయాలని ఘన వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. కత్తిరింపులు పూర్తయిన రోజునే నేల మీద రాలిన ముక్కలను వంటింటి బుట్టలోకి ఊడ్చకుండా విడి సంచిలోకి ఎత్తితే ఆ నిబంధన పాటించినట్టూ అవుతుంది, పీచు మరో కాగితానికి మిగులుతుంది.